మీ సంస్థ పని తీరును మెరుగుపరచుకోవడం ఎలా?

అమీర్‌పేటలో మాదో చిన్న కర్రీ పాయింట్. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లే. ఆ మధ్య నెల రోజుల పాటు సాంబారు ఒంటిగంటకే అయిపోయేది. గిరాకీ పెరిగిందని మురిసిపోయాను. గల్లాలో మాత్రం పైసా పెరగలేదు.

ఇలాంటప్పుడు వెంటనే ఎవరి మీదా అరవకండి. ‘ఎందుకు?’ అని వరుసగా అడుగుతూ పోండి. టయోటా కార్ల కంపెనీలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో ఐదుసార్లు అడగమనేవారు. మాకు మూడుసార్లకే తేలింది. సాంబారు ఎందుకు చాలట్లేదు? ప్యాకెట్లు తక్కువ వస్తున్నాయి. ఎందుకు? ఒక్కోదాంట్లో ఎక్కువ పడుతోంది. ఎందుకు? ప్యాకింగ్ కుర్రాడు నోరు విప్పాడు: "పాత గరిటె కాడ ఊడింది గదన్నా, బేగంబజార్ల కొత్తది తెచ్చినం." రెండు గరిటెలతో నీళ్లు కొలిచి చూశాం. పాతదానితో ఐదుసార్లు పోస్తే నిండే గిన్నె, కొత్తదానితో నాలుగుసార్లకే నిండింది. 60 ప్యాకెట్లు రావాల్సిన చోట 48 వస్తున్నాయి.

మా కొలత ఆ గరిటెలో ఉండేదన్నమాట. మీ ఆఫీసులోనూ అలాంటి గరిటె ఒకటి ఉంటుంది, పాత ఎక్సెల్ షీటో, సీనియర్ అకౌంటెంటో. ముందు దాన్ని వెతికి పట్టుకోండి.

తర్వాత పద్ధతిని కాగితం మీద పెట్టండి, అదీ చిన్నగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో సర్జరీలకు ఇచ్చిన చెక్‌లిస్టులోనే 19 అంశాలు. సాంబారుకు ఆరు లైన్లు చాలు. లామినేషన్ చేయించండి, లేకపోతే నూనె మరకలకు వారంలో పోతుంది.

మార్పులు ఒక్కొక్కటిగా చేయండి. నేను గరిటె, రేటు ఒకే వారంలో మార్చాను. అమ్మకాలు తగ్గాయి, దేనివల్లో ఇప్పటికీ తెలియదు.

కొత్త పద్ధతికి కాస్త టైమివ్వండి. బాగా అలవాటైన పాత పద్ధతే మంచిదాన్ని రానివ్వదని సంస్థలు ఎలా నేర్చుకుంటాయో పరిశోధించిన బార్బరా లెవిట్, జేమ్స్ మార్చ్ 1988లోనే రాశారు. దారం చుట్టడంలో చేయి తిరిగిన మావాళ్లు సీలింగ్ మెషీన్‌ను రెండో రోజే అటక ఎక్కించబోయారు. పదిహేను రోజులు ఆగమన్నాను. ఇప్పుడు కరెంటు పోతే తప్ప దారం ముట్టరు.

వారానికోసారి చాయ్ తాగుతూ పది నిమిషాలు కూర్చోండి. అందరికన్నా కొత్తగా చేరినవాళ్లతో ముందు మాట్లాడించండి, ఓనరు చివర్లో. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు ఆ కుర్రాడే చెప్పాడు, గరిటె పెద్దదని వాడికి మొదటి రోజే తెలుసట. "మీరు టెన్షన్ల ఉన్నరన్నా, చెప్తే తిడ్తరనుకున్న."