ఇటలీలో బిజినెస్ చదువు: బయల్దేరే ముందు, దిగిన మొదటి వారంలో

మిలాన్‌లోనో టురిన్‌లోనో బిజినెస్ కోర్సులో సీటు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ పండగే. పాఠాలు ఇంగ్లీషులోనే కాబట్టి ఇక దిగులు లేదనుకుంటారు. కానీ తరగతి గది దాటితే అంతా ఇటాలియనే: పోస్టాఫీసు, పోలీసులు, ఇంటి యజమాని, రేపటి ఇంటర్న్‌షిప్, ఉద్యోగం. వీసా కోసం ఎదురుచూసే రోజుల్లోనే రోజుకో గంట ఆ భాషకు కేటాయించండి. అన్నిటికన్నా ముందు నేను చెప్పే జాగ్రత్త ఇదే.

ఇక కాగితాలు. దిగిన 8 పనిదినాల్లోపు ‘పెర్మెస్సో ది సొజ్జోర్నో’, అంటే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫారాల కవరు పోస్టాఫీసులో ఉచితంగా ఇస్తారు. దానికి కావలసిన 16 యూరోల స్టాంపు మాత్రం పొగాకు దుకాణంలో దొరుకుతుంది. నింపిన కవరును అంటించకుండానే తీసుకెళ్లండి, కౌంటరులో పాస్‌పోర్టుతో సరిచూస్తారు. అక్కడ ఇచ్చే రసీదును పాస్‌పోర్టంత భద్రంగా దాచుకోండి, ఎందుకంటే అసలు కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా వీసా గడువు తీరిపోయి, రసీదు మాత్రమే మిగిలిన సమయంలో సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా టికెట్ కొనవద్దు. ఆ రసీదుతో ఇతర షెంగెన్ దేశాల (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల) గుండా ప్రయాణించడం కుదరదు. దోహా, దుబాయ్ మీదుగా వెళ్లే విమానం చూసుకోండి.

‘కోదిచే ఫిస్కాలే’ అనే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే పన్ను సంఖ్యనూ వెంటనే తీసుకోండి. అద్దె ఒప్పందానికీ బ్యాంకు ఖాతాకూ అడిగేది దాన్నే.

ఇంటి విషయంలో ఎవరు ఎంత తొందరపెట్టినా గది చూడకుండా, మనిషిని కలవకుండా డబ్బు పంపవద్దు. ఫొటోలు చూపించి అడ్వాన్సు కాజేసే మోసాలు మిలాన్‌లో కొత్త కాదు. మొదటి నెలకు విశ్వవిద్యాలయం హాస్టలు గానీ, తెలిసినవాళ్ల గది గానీ కుదుర్చుకోండి. ఆ తర్వాత తీసుకునే ఇంటికి పన్ను కార్యాలయంలో నమోదైన ఒప్పందమే ఉండాలి. నమోదు వద్దు, అద్దె తగ్గిస్తానంటే ఆ ఇల్లు వదిలేయండి.

‘ఇటలీలో చదువంతా ఉచితం’ అని చెప్పే కన్సల్టెన్సీని నమ్మి అప్పు లెక్క తగ్గించుకోవద్దు. ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్పులు కుటుంబ ఆదాయాన్ని, ఆస్తిని బట్టి ఇస్తారు. ఆ పత్రాలను ఇక్కడే ధ్రువీకరింపజేసి, ఇటాలియన్‌లోకి అనువదింపజేసుకుని వెళ్లాలి. అక్కడికి చేరాక హైదరాబాదు నుంచి తెప్పించుకునేలోపు గడువు దాటిపోతుంది. పార్ట్‌టైమ్ పనితో నెట్టుకొస్తామన్న లెక్కా జాగ్రత్తగా వేయండి. విద్యార్థికి అనుమతి వారానికి 20 గంటలే.

పరీక్షల్లో మార్కులు 30కి, ఉత్తీర్ణతకు 18 రావాలి. చాలా సబ్జెక్టుల్లో ప్రొఫెసర్ ఎదుట కూర్చుని నోటితో జవాబు చెప్పాలి. పేజీలు నింపడం అలవాటైన మన పిల్లలు తడబడేది ఇక్కడే. చదివిన అధ్యాయాన్ని స్నేహితుడికి పైకి వివరించే అలవాటు మొదటి వారం నుంచే చేసుకోండి.

సెలవుల్లో వెనిస్, రోమ్ చూడండి, కాదనను. కానీ బిజినెస్ విద్యార్థి టైల్స్ తయారయ్యే సస్సువోలో, ఉన్ని బట్టల బియెల్లా వంటి చిన్న ఊళ్లు కూడా చూడాలి. తరాలుగా కుటుంబాలు నడిపే కంపెనీలు ఒకేచోట ఎలా పోటీపడతాయో, ఎలా కలిసి బతుకుతాయో అక్కడ తెలుస్తుంది. అక్కడివారు మాటామంతీ కలిశాకే వ్యాపారం ఎత్తుతారు, భోజనం బల్ల దగ్గర తొందరపడకండి.

శాకాహారులకు ఒక మాట: పర్మిజానో చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్, అంటే పాలను గడ్డకట్టించే పదార్థం వాడతారు. కొన్ని రొట్టెల్లో ‘స్త్రుత్తో’, అంటే పంది కొవ్వు ఉంటుంది. ప్యాకెట్ మీద ఈ మాట లేదని చూసుకున్నాకే కొనండి.