యాట కోసినప్పుడు కుక్కకు ఏం వేయకూడదు

గుంతకల్లులో మాది మటన్ అంగడి. నాయన దగ్గర నేర్చుకున్న పని. ఆదివారం కార్జం కొనేవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "అనా, ఇందులో పురుగేమీ లేదు గదా?" కార్జం మీద చిన్న తెల్ల మచ్చ కనిపించినా చాలు, ఆ ముక్క వద్దంటారు. సరేనని కోసి పక్కన పెడతాను. డబ్బులిచ్చి పోతూ పోతూ, "ఆ ముక్క ఇట్లియ్యి, ఇంటికాడ కుక్క ఉంది" అని కవర్లో వేయించుకుంటారు. భయపడాల్సింది తినే ముక్కను చూసి కాదు, ఆ కవర్ను చూసి. ఈ సంగతి అంగట్లో నిలబడి చెబితే వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. అందుకే రాస్తున్నాను.

ముందు జీవం లోపల ఏమేమి కనిపిస్తాయో, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలుసుకోండి. ఊళ్లో దేవర చేసినప్పుడు, ఇంట్లో మొక్కు తీర్చుకునేటప్పుడు డాక్టరు వచ్చి చూడడు. చూసుకోవాల్సింది మీరే.

పొట్ట చీల్చగానే పేగుల మీద పరుచుకున్న కొవ్వు తెర కనిపిస్తుంది. ఒక్కోసారి దానికి పలచటి తోలుతో నీళ్ల తిత్తి ఒకటి వేలాడుతూ ఉంటుంది. వెలుతురులో పట్టి చూస్తే లోపల ఒకే ఒక్క తెల్ల చుక్క. ఇది కుక్కలో ఉండే ఒక రకం బద్దెపురుగు పిల్ల దశ. మనిషికి అంటదు. తీసేస్తే సరిపోతుంది, మాంసానికి ఏమీ కాదు.

పెద్ద పొట్టను కడిగేటప్పుడు లోపలి గోడకు దానిమ్మ గింజల్లాగా ఎర్రగా అతుక్కుని కనిపించేవి పొట్ట జలగలు. బోటి కడిగే ఆడవాళ్లకు ఇవి బాగా తెలుసు. చెరువు నీళ్లు తాగిన జీవాల్లో ఎక్కువ. కార్జాన్ని అడ్డంగా కోస్తే తెల్లగా, గట్టిపడిన గొట్టాలు కనిపించి, నొక్కినప్పుడు పసరుతో పాటు చదునుగా ఉండే గోధుమరంగు పురుగులు బయటికి వస్తే అది కార్జపు జలగ. చెరువుల్లో ఉండే నత్తల వల్ల వస్తుంది. బతికున్నప్పుడు ఆ గొర్రె దవడ కింద నీరు దిగి ఉంటుంది. అయితే అదే నీరు రక్తం పీల్చే పొట్ట పురుగుల వల్ల కూడా దిగుతుంది, కాబట్టి పేడ పరీక్ష చేయించకుండా మందు పోయకండి. ఉడికించిన కార్జం తింటే ఈ జలగ మనకు రాదు. చూడటానికి బాగుండదని పారేస్తాం, అంతే.

తలకాయ కొట్టేటప్పుడు ముక్కు లోపలి గదుల్లో పురుగులు కదులుతూ కనిపిస్తాయి. రెండు మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. కొత్తగా కొన్నవాళ్లు దీన్ని చూసి తలకాయ తినడమే మానేస్తారు, పాపం. ఒక రకం ఈగ గొర్రె ముక్కు దగ్గర ఎగురుతూనే పిల్లల్ని వదిలిపోతుంది. అవి లోపల పెరిగి, చివరికి తుమ్ములతో బయట పడతాయి. తలకాయను బాగా కడిగి వండుకుంటే ఏమీ కాదు. కాకపోతే మంద కాసేవాళ్లకు ఒక మాట: ఆ ఈగ ఎప్పుడన్నా మనిషి కంట్లో కూడా పిల్లల్ని వేస్తుంది. కంటికి ఏదో తగిలి, కాసేపటికే మంట, దురద, లోపల ఏదో కదిలినట్టు ఉంటే కన్ను నలపొద్దు, కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఆయన తీసేస్తాడు.

ఇప్పుడు అసలు భయానికి వద్దాం. కార్జంలో, ఊపిరితిత్తుల్లో, వేలాడుతూ కాదు, కండలోకి దిగి గుండ్రంగా ఉబ్బి ఉండే తెల్లటి బుగ్గలు. వేలితో నొక్కితే బిగువుగా ఉంటాయి. కత్తి మొన తగిలిందంటే తేట నీళ్లు చిమ్ముతాయి. చీల్చి చూస్తే లోపల ఇంకో మెత్తటి తెల్ల పొర మొత్తంగా ఊడి వస్తుంది. ఆ నీళ్లను గిన్నెలో పట్టి కాసేపు ఉంచితే అడుగున సన్నటి ఇసుక పేరుకుంటుంది. డాక్టర్లు దీన్ని హైడాటిడ్ బుగ్గ అంటారు. ఆ ఇసుకలో ఉన్నవి పురుగు తలలు. ఒక్కొక్కటీ కుక్క పేగులోకి పోతే ఒక్కో బద్దెపురుగు అవుతుంది. ఒక్క బుగ్గలో అవి వేలల్లో ఉండొచ్చు. బుగ్గ నిదానంగా పెరుగుతుంది కాబట్టి గొర్రె పిల్లల్లో తక్కువ, ముసలి గొర్రెల్లో ఎక్కువ. ఈనడం మానేసిన గొర్రెను ఇంటికాడే కోసుకుంటారు చూడండి, అక్కడ జాగ్రత్త.

ఆ బుగ్గ ఉన్న కార్జం మనిషి తిన్నా ఆయనకు ఈ రోగం రాదు. కుక్క తింటే వస్తుంది, కుక్కకు కాదు, మీకు. కుక్క పేగులో సెంటీమీటరు కూడా లేని పురుగులు పెరుగుతాయి. ఆరేడు వారాల్లో వాటి గుడ్లు పెంటలో రావడం మొదలవుతుంది. కుక్క మాత్రం శుభ్రంగా తిని తిరుగుతూ ఉంటుంది, జబ్బు లక్షణమే ఉండదు. ఆ గుడ్లు కంటికి కనిపించవు. వెనకభాగం నాక్కున్న మూతితోనే ఒళ్లు నాక్కుంటుంది, కాబట్టి బొచ్చుకు అంటుకుంటాయి. పిల్లోడు నిమిరి, అదే చేత్తో మురుకు తింటాడు. కడుపులోకి పోయిన గుడ్డు పగిలి, రక్తంలో కలిసి ఎక్కువగా కార్జానికి, తర్వాత ఊపిరితిత్తులకు చేరుతుంది. గొర్రెలో చూసిన బుగ్గే మనిషిలో మొదలవుతుంది. బయటపడేసరికి ఏళ్లు పడుతుంది.

మన దగ్గర ఇది కొత్తది కాదు. కర్నూలులో ఈ రోగం ఎలా వ్యాపిస్తుందో పరిశోధించి వైద్యులు 1968లోనే అచ్చు వేశారు. గొర్రెలు, కుక్కలు, ఇంటికాడ కోతలు అన్నీ ఒకే చోట ఉన్న సీమ మనది.

మన ఎండ కొంత మేలు చేస్తుంది. ఎండి, కాగిన నేలలో ఆ గుడ్లు ఎక్కువ కాలం బతకవు. కానీ తడి, నీడ ఉన్న చోట నెలల తరబడి ఉంటాయి. అంటే గిన్నెలు తోమే జాలాడి పక్కన, గొర్రెల నీళ్ల తొట్టి కింద, పెరట్లో కొత్తిమీర వేసుకున్న మడిలో. కుక్కను ఆ చోట్లకు రానీకండి, మడికి కంప కట్టండి. ఆకుకూరలు పారే నీళ్లలో కడగండి. ఫినాయిల్ పోస్తే చస్తాయిలే అనుకోవద్దు, ఆ గుడ్లు దానికి లొంగవు. వేడికి లొంగుతాయి.

యాట కోసే రోజు ఇట్లా చేయండి. కోసే ముందే కుక్కల్ని కట్టేయండి, కట్టడానికి ఒక మనిషిని పెట్టండి. లేకపోతే ఎవరి పనిలో వాళ్లుంటారు, పేగు పట్టుకుని కుక్క పరుగెత్తేదాకా ఎవరూ చూడరు. బుగ్గ కనిపిస్తే పొడవొద్దు, చుట్టూ కండతో సహా కోసి తీయండి. ఊపిరితిత్తులు మన దగ్గర చాలామంది తినరు, కాబట్టి అవి నేరుగా కుక్క ముందుకే పోతాయి. తప్పు అక్కడే జరుగుతుంది. కుక్కకు పెట్టాలనే ఉంటే ముక్కలు చేసి ముప్పావు గంట కళపెళ మరిగించి పెట్టండి. లేదంటే రెండు మూడు అడుగుల గుంత తీసి పూడ్చి, పైన రాళ్లు, కంప వేయండి. దిబ్బలో పారేయడం, వంకలో విసిరేయడం రెండూ ఒకటే, కుక్క ముక్కుకు దూరం లెక్క కాదు.

గుండ్రంగా తిరిగే గొర్రె గురించి కూడా చెప్పాలి. తల ఒక పక్కకు వాల్చి, ఒకే వైపు తిరుగుతూ ఉంటుంది, కొన్నిటికి నెత్తి మీద ఎముక మెత్తబడుతుంది. ఇలాంటివి అంగడికి తక్కువ ధరకు వస్తాయి. తల పగలగొడితే మెదడులో నీళ్ల తిత్తి, దాని గోడకు గుంపులు గుంపులుగా తెల్ల చుక్కలు. ఇది కుక్కలోని ఇంకో బద్దెపురుగు పని. ఆ తలను కుక్కకు వేశారంటే వచ్చే ఏడు మీ మందలో ఇంకో నాలుగు పిల్లలు తిరగడం మొదలుపెడతాయి. ఆ తలను కూడా పూడ్చాల్సిందే.

కుక్కకు మందు సంగతి. గొర్రెలకు పోసే ఆల్బెండజోల్ సీసాలో నుంచి కొంచెం కుక్కకూ పోసేవాళ్లను చూస్తుంటాను, ఐవర్మెక్టిన్ సూది వేయించి నిశ్చింతగా ఉండేవాళ్లను కూడా. ఈ బద్దెపురుగుకు కావాల్సింది ప్రాజిక్వాంటెల్. కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే పది కిలోలకు 50. కుక్కలకు అమ్మే కలగలుపు పురుగుల మాత్రల్లో ఎక్కువగా ఈ లెక్కనే ఉంటుంది, అట్ట మీద చదివి, పశువుల డాక్టరును అడిగి వేయండి. బరువు తెలియకపోతే కుక్కను ఎత్తుకుని కాటా మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. ఉడికించిన కండ ముక్కలో మాత్ర కుక్కితే గుటుక్కుమంటుంది. ఇంటి కుక్కకు మూడు నెలలకోసారి, మందతో తిరిగే కుక్కకు నెలన్నరకోసారి. మాత్ర వేశాక రెండు మూడు రోజులు కట్టేసి, ఆ పెంటను పారతో ఎత్తి కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. మందు పురుగును చంపుతుంది గాని గుడ్డును చంపదు.

ఇన్ని కట్టుబాట్లు మనవాళ్లకు సాగేవా అని నవ్వుతారు కొందరు. మా అవ్వ మడమ దగ్గర నారికురుపు మచ్చ ఉండేది. మీటరు దాకా ఉండే పురుగు, పుండులో నుంచి రోజుకు కొంచెం కొంచెం వస్తుంటే పుల్లకు చుట్టుకుంటూ వారాల తరబడి కూర్చునేవాళ్లంట. దిగుడుబావి నీళ్లతో వచ్చేది. దానికి టీకా లేదు, మందూ లేదు. నీళ్లు గుడ్డలో వడకట్టడం, దిగుడుబావులు మానడం, బోర్లు రావడం, దాన్ని పోగొట్టినవి ఇవే. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసు లేదు, 2000లో మన దేశం నుంచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది.

మనిషికి బుగ్గ వస్తే ఎట్లా తెలుస్తుంది? కుడి పక్క డొక్క కింద బరువు, నొప్పి, తిన్నది కొంచెమే అయినా నిండినట్టుండటం. ఊపిరితిత్తిలో అయితే తగ్గని దగ్గు, బుగ్గ పగిలితే దగ్గుతో ఉప్పగా నీళ్లు పడతాయి. కడుపులో గడ్డ ఉందని నూనె రాసి గట్టిగా తోమించే అలవాటు ఉంది, అది మానండి. లోపల పగిలితే ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. కార్జంలో ఉంటే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో కనిపిస్తుంది, ఊపిరితిత్తిలో ఉంటే ఎక్స్‌రేలో. బుగ్గ ఏ దశలో ఉందో చూసి డాక్టర్లు నెలల తరబడి ఆల్బెండజోల్ మాత్రలో, ఆపరేషనో చెబుతారు. మాత్రలు సొంతంగా కొని మింగొద్దు. ఇంట్లో గొర్రెలు, కుక్క ఉన్నాయని డాక్టరు అడగకముందే చెప్పండి, ఎందుకంటే పట్నం డాక్టరుకు ఆ ఆలోచన వెంటనే రాకపోవచ్చు. ఒకరికి తేలితే, అదే కుక్కతో ఆడుకున్న పిల్లలకు కూడా ఒకసారి స్కాన్ తీయించండి.