పసిబిడ్డ బట్టలు: ఉతకడం కన్నా జాడించడం ముఖ్యం

పసిబిడ్డ బట్టలకు పట్టే మురికిలో మొండిది చాలా తక్కువ. పాలు, మూత్రం, మలం, ఒంటికి రాసిన నూనె ఇవన్నీ నీటికీ కొద్దిపాటి సబ్బుకూ లొంగేవే. అయితే మురికిని వదిలించడానికి మనం వాడిన సబ్బు, వాసన కోసం కలిపిన ద్రవాలు, క్రిములు చావాలని పోసిన మందులు బట్టలోనే మిగిలిపోతే, అవి బిడ్డ ఒంటిని రోజంతా అంటిపెట్టుకుని ఉంటాయి. పసివారి చర్మం పలుచన, పైగా శరీర బరువుతో పోల్చితే చర్మపు వైశాల్యం పెద్దవారికన్నా ఎక్కువ. అందువల్ల ఎంత బాగా ఉతికామన్నదానికన్నా ఎంత బాగా జాడించామన్నదే పట్టించుకోవలసిన విషయం.

కొత్త బట్టను ఉతకకుండా బిడ్డకు తొడగరాదు. దుకాణం నుంచి వచ్చిన బట్టలో గంజి, మడత పడకుండా వేసే రసాయనాలు, మిగులు రంగు ఉంటాయి. పురుడు వెళ్ళేదాకా బిడ్డను పాత నూలు చీర చింపిన పొత్తిగుడ్డల్లోనే ఉంచే మన ఇళ్ళ అలవాటు ఈ లెక్కన ఎంతో తెలివైనది. ఎన్నో ఉతుకులు పడిన నూలులో గరుకూ ఉండదు, గంజీ ఉండదు. బారసాలకు వచ్చే జరీ, నెట్టు గౌన్లు ఫొటో వరకే మంచివి. మెడ దగ్గర లోపలి వైపు కుట్టిన లేబుల్‌ను కుట్టు విప్పి తీసేయాలి.

లంగోటాలను మిగతా బట్టలతో కలపకూడదు. మలం అంటిన గుడ్డను వెంటనే ధారగా పడే చన్నీళ్ళ కింద కడిగి, ఆ తరువాతే నానబెట్టాలి. వేడినీళ్ళు ముందే పోస్తే పాలు, మలం, రక్తం వంటి వాటిలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక బట్టకు పట్టేస్తుంది. వేడినీటి వంతు మరక వదిలాకే వస్తుంది. మూత్రం మాత్రమే పడిన గుడ్డను కూడా ఊరికే ఆరేసి మళ్ళీ వాడటం తగదు. మూత్రంలోని యూరియా విడిపోయి అమ్మోనియాగా మారుతుంది, ఆ ఘాటుకు తొడల మడతల్లో చర్మం ఒరిసిపోతుంది. నానబెట్టడానికి అరగంట చాలు, మూత పెట్టిన బకెట్‌లో రాత్రంతా ఉంచితే గుడ్డకు వాసన పడుతుంది.

సబ్బు పొడి డబ్బా మీద రాసిన మోతాదు పెద్దల మురికి బట్టలకు ఉద్దేశించినది, పిల్లల బట్టలకు అందులో సగం సరిపోతుంది. వాసనలేని, రంగులేని ద్రవ సబ్బు దొరికితే మేలు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఈ మాట మరీ అవసరం, ఎందుకంటే ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు బిళ్ళతో కలిసి తెట్టులా మారి నూలు పోగుల్లో పేరుకుంటాయి. కొన్నాళ్ళకు లంగోటా బిరుసెక్కి తడిని పీల్చడం మానేస్తుంది. హైదరాబాదులో మంజీర నీళ్ళు వచ్చే ఇళ్ళవారు కనీసం ఆఖరి జాడింపుకైనా ఆ నీటిని పట్టి ఉంచుకుంటే తేడా చేతికే తెలుస్తుంది. మూడుసార్లు నీళ్ళు మార్చి జాడించడం సాధారణంగా సరిపోతుంది, కానీ లెక్కను నమ్మకండి, నీటిని చూడండి: బట్టను పిండినప్పుడు నురుగు రాకూడదు, వేళ్ళకు జారుడు తగలకూడదు. వాషింగ్ మెషీన్‌లో అయితే అదనపు జాడింపు మీటను తప్పకుండా నొక్కాలి.

నూనె మరకకు నీళ్ళు తగలకముందే శనగపిండి అద్ది, కాసేపు ఉంచి దులిపి, ఆ చోట మాత్రమే కాస్త గిన్నెలు తోమే ద్రవ సబ్బు రుద్దాలి. సున్నిపిండిలోని పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, దాన్ని చూసి కంగారుపడి బ్రష్షుతో రుద్దేవారు చాలామంది. అది సబ్బు క్షారానికి పసుపు రంగు మారడమే. జాడించి ఎండలో వేస్తే దానంతటదే వెలిసిపోతుంది. ఐరన్ చుక్కల మందు మరక మీద నిమ్మరసం, ఉప్పు పట్టించి బాగా కడగాలి.

చివరి నీళ్ళలో క్రిమిసంహారక ద్రవం ఒక మూత పోయడం చాలా ఇళ్ళలో ఉన్నదే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దాని అవసరం లేదు. 1967లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో శిశువులకు ఉన్నట్టుండి విపరీతంగా చెమటలు పట్టి జబ్బు చేసింది, ఇద్దరు మరణించారు కూడా. గుడ్డలకు బూజు పట్టకుండా లాండ్రీలో ఆఖరి జాడింపు నీటిలో కలిపిన పెంటాక్లోరోఫినేట్ అనే మందు చర్మం గుండా లోపలికి వెళ్ళడమే కారణమని తేలింది. మన ఇళ్ళలో వాడేది ఆ మందు కాదు, నిజమే, కానీ గుడ్డలో మిగిలినది ఒంట్లోకి పోగలదని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు. బట్ట మెత్తబడటానికి పోసే సువాసన ద్రవం పోగుల మీద పొరలా పట్టి లంగోటా పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది. గంజి, నీలిమందు కూడా పిల్లల బట్టలకు వద్దు.

ఆరేయడానికి ఎండను మించినది లేదు. వానాకాలంలో లోపలి దండెం మీద ఫ్యాను గాలికి ఆరేసి, చెమ్మ మిగిలితే కుట్లు, నాడాల దగ్గర ఇస్త్రీ పెట్టెతో పూర్తిగా ఆరనివ్వాలి. చెమ్మగిల్లిన లంగోటాలో శిలీంధ్రం పెరుగుతుంది. తొందరగా ఆరాలని సాంబ్రాణి పొగ మీద పట్టడం మంచిది కాదు, ఆ పొగ బిడ్డ ఊపిరికి పడదు. చీకటి పడ్డాక పసిపిల్లల బట్టలు బయట ఉంచకూడదని పెద్దవాళ్ళు అంటే నవ్వి ఊరుకోకండి: మంచుకు బట్ట తిరిగి చెమ్మెక్కుతుంది, పురుగూ పుట్రా చేరతాయి. చెట్టు కింది దండెం మీదనుంచి తీసిన బట్టలో గొంగళిపురుగు నూగు ఉంటే బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. తీసిన ప్రతి బట్టనూ దులిపి, తిరగేసి చూసి మడవాలి. మేజోళ్ళ లోపలి వైపు తప్పనిసరిగా చూడాలి. ఊడిన దారమో తల్లి వెంట్రుకో బిడ్డ కాలి వేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు వాచిపోతుంది. కారణం తెలియని ఏడుపుకు ఇది కూడా ఒక కారణం.

దాచి ఉంచిన ఉన్ని స్వెట్టర్లను చలికాలం రాగానే తీసి నేరుగా తొడగడం మాత్రం ప్రమాదమే, వాటి మధ్య కలరా ఉండలు వేసి ఉంటే. అవి నాఫ్తలీన్‌తో చేసినవైతే, ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకు ఆ వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్ళలో ముందుగా తెలియదు. పసిబిడ్డ బట్టల పెట్టెలో అసలు ఆ ఉండలు వేయకుండా, బాగా ఎండిన వేపాకును గుడ్డ మూటలో కట్టి పెట్టాలి. ఇదివరకే ఆ వాసన పట్టిన పాత బట్టలు, దుప్పట్లు బంధువుల ఇంటినుంచి వస్తే, వాటిని ఉతికి ఒకటి రెండు రోజులు ఎండలో, గాలిలో వేలాడదీసి, వాసన పూర్తిగా పోయిందని ముక్కుతో నిర్ధారించుకున్నాకే బిడ్డ దగ్గరికి తేవాలి.