పాత ఎన్‌క్లోజర్‌ను కొత్త కంప్యూటర్‌కు కలిపే ముందు జాగ్రత్తలు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున కొత్త కంప్యూటర్‌కు మారుతున్నవారు పాత ఎన్‌క్లోజర్‌ను (హార్డ్ డిస్కును లోపల పెట్టి యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే పెట్టెను) వాడే ముందు వీటిని గమనించాలి.

• ‘డిస్కును ఫార్మాట్ చేయాలి’ అని తెరపై కనిపిస్తే క్యాన్సిల్ మాత్రమే నొక్కండి. కొన్ని ఎన్‌క్లోజర్లు డిస్కులోని 512 బైట్ల సెక్టార్లను (డేటా నిల్వ ఉండే చిన్న భాగాలను) 4096 బైట్లవిగా చూపుతాయి కాబట్టి, పెట్టె మార్చగానే డిస్కు ఖాళీ అయినట్టు కనిపించినా, పాత పెట్టెలో పెడితే ఫొటోలన్నీ యథాతథంగా దొరికే అవకాశం ఉంది.

• డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కోసం ఊరూపేరూ లేని సైట్లను ఆశ్రయించవద్దు. యూఎస్‌బీ స్టోరేజీకి కావలసినది సాధారణంగా విండోస్‌లోనే ఉంటుంది.

• డ్రైవర్‌ను అనుమానించే ముందు కరెంటు చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే; డిస్కుకు అది చాలకపోవచ్చు. కేబుల్, పోర్టు మార్చినా టిక్కుటిక్కుమనే చప్పుడు ఆగకపోతే, లోపం డిస్కుదే కావచ్చు కనుక పదేపదే కలపవద్దు.

• ఎన్‌క్లోజర్ ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) జోలికి డేటా కాపీ చేసుకున్నాకే వెళ్లాలి.