ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) కన్సల్టెంట్ గుర్తింపు నిజంగా మీ ప్రాజెక్టుకు పనికొస్తుందా? చెక్ చేయడం ఎలా?

2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలంటే, ఈఐఏ రిపోర్టును క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలోని నాబెట్ అనే విభాగం గుర్తింపు ఉన్న సంస్థే తయారు చేయాలి. ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆఫీసు గోడకు ఫ్రేమ్ కట్టి వేలాడదీసిన సర్టిఫికెట్ చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు చూడండి, వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఒక విషయం. మన దేశంలో ఈఐఏ కన్సల్టెంట్‌కి డాక్టరులాగా, లాయరులాగా వ్యక్తిగత లైసెన్స్ లేదు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది, దాని కింద కౌన్సిల్ ఉంది, వీళ్లకు అలాంటిదేమీ లేదు. గుర్తింపును మనిషికి కాదు, సంస్థకే ఇస్తారు, అందులో ఎవరు ఏ పని చేయొచ్చో విడిగా ఆమోదిస్తారు. అందుకే "లైసెన్స్‌డ్ ఈఐఏ కన్సల్టెంట్" అని ఎవరైనా విజిటింగ్ కార్డు ఇస్తే, ఏ సంస్థ తరఫున వచ్చారో అడగండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి రెండే. నోటిఫికేషన్ షెడ్యూల్లో (అనుమతి కావాల్సిన ప్రాజెక్టుల పట్టిక) మీ ప్రాజెక్టు ఐటమ్ నంబరు, సంస్థ సర్టిఫికెట్ అన్ని పేజీల పీడీఎఫ్. వాట్సాప్ ఫోటో వద్దు. గనులైతే 1(ఎ), బల్క్ డ్రగ్స్, సింథటిక్ ఆర్గానిక్ కెమికల్స్ అయితే 5(ఎఫ్), డిస్టిలరీ 5(జి), హైవే 7(ఎఫ్), భవనాలు 8(ఎ), టౌన్‌షిప్ 8(బి). తర్వాత గడువు తేదీ చూడండి. గుర్తింపు మూడేళ్లకు ఇస్తారు. తేదీ దాటిపోతే "రెన్యువల్‌లో ఉందండీ" అంటారు, పొడిగింపు లెటర్ చూపిస్తే సరే, లేకపోతే లేచి వచ్చేయండి.

ఇప్పుడు అసలు చిక్కు. గుర్తింపు అంటే అన్ని రకాల ప్రాజెక్టులకూ కాదు, రంగాల వారీగా ఇస్తారు. సర్టిఫికెట్‌లో ఆ పట్టిక ఉంటుంది, అందులో నంబర్ల కాలమ్స్ రెండు. ఒకటి నాబెట్ సొంత నంబరు, రెండోది పర్యావరణ మంత్రిత్వ శాఖ నోటిఫికేషన్ షెడ్యూల్ నంబరు. భవన నిర్మాణం నాబెట్ లెక్కలో 38, షెడ్యూల్లో 8(ఎ). జనం మొదటి కాలమ్ చూసి ఏదో ఒకటి ఉందిలే అనుకుంటారు. మీరు రెండో కాలమ్‌తోనే పోల్చండి. 8(ఎ) ఉండి 8(బి) లేకపోతే, ఆ సంస్థ మీ టౌన్‌షిప్‌కి పనికిరాదు, ఎంత పేరున్నా సరే.

దాని పక్కనే ఎ, బి అని కేటగిరీ ఉంటుంది. ఎ అంటే కేంద్రం అనుమతి ఇచ్చే ప్రాజెక్టులు, బి అంటే రాష్ట్ర స్థాయిలో తేలేవి. ఎ ఉన్నవాళ్లు బి పనులూ చేయొచ్చు, బి వాళ్లు మాత్రం ఎ ముట్టుకోకూడదు. మీది బి ప్రాజెక్టే అయినా, స్థలం అభయారణ్యానికో రాష్ట్ర సరిహద్దుకో 5 కిలోమీటర్ల లోపు ఉంటే చాలా రంగాల్లో దాన్ని ఎ కింద చూస్తారు. ఈ సంగతి కన్సల్టెంట్ చెప్పేదాకా ఆగొద్దు, మ్యాప్ మీద మీరే కొలుచుకోండి.

ఇంతటితో అయిపోలేదు, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఆమోదం పొందిన నిపుణుల పేర్లు సర్టిఫికెట్ మీద ఉండవు. ఫలానా తేదీ నాబెట్ కమిటీ మినిట్స్‌లో (సమావేశ వివరాల్లో) ఉన్నాయి అని ఒక లైను మాత్రం ఉంటుంది. ఆ మినిట్స్ నాబెట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయాల్సిందే, ఫోన్‌లో చూస్తే లైన్లు కలిసిపోయి ఒకరి పేరు ఇంకొకరికి అంటుకుంటుంది. మీ రంగానికి ఈఐఏ కోఆర్డినేటర్, అంటే రిపోర్టు పని మొత్తం నడిపించే మనిషి ఎవరో వెతికి ఎర్ర పెన్నుతో గీత గీయండి. తర్వాత ఫంక్షనల్ ఏరియా ఎక్స్‌పర్ట్‌లు, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నిపుణుడు. గాలి, నీరు, శబ్దం, జీవవైవిధ్యం, భూగర్భం, సామాజిక ఆర్థికం, ప్రమాదాలు, ఇలా మొత్తం 12 విభాగాలు, మీ ప్రాజెక్టుకు కావలసిన ప్రతి దానికీ ఒక పేరు కనిపించాలి.

పేరు కనిపించినా ఆ మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. కోఆర్డినేటర్‌ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకుండా సంతకం పెట్టకండి. మార్కెటింగ్ ఆయన ఎంత తియ్యగా మాట్లాడినా రేపు రిపోర్టులో డిక్లరేషన్ మీద సంతకం పెట్టేది ఆయన కాదు.

కొందరు పాత క్లయింట్ల లిస్టు అడిగి తృప్తి పడతారు. అది దండగ. ఐదేళ్ల కిందట సిమెంట్ ఫ్యాక్టరీకి అనుమతి తెచ్చిన టీములో ఇవాళ ఎవరున్నారో ఆ లిస్టు చెప్పదు, మినిట్స్ చెబుతాయి. రేటు తక్కువని వెళ్లేవాళ్ల గురించి నేనేమీ అనను. కానీ తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే దరఖాస్తు తిరస్కరించొచ్చు, వచ్చిన అనుమతి రద్దు చేయొచ్చు అని నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ దరఖాస్తు మీ పేరు మీద ఉంటుంది, కన్సల్టెంట్ పేరు మీద కాదు.

ల్యాబ్ సంగతి త్వరగా చెప్పేస్తా. గాలి, నీటి శాంపిళ్లు పరీక్షించే ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపో, 1986 పర్యావరణ చట్టం కింద గుర్తింపో ఉందా, శాంపిళ్లు తీసిన తేదీల్లో అది చెల్లుబాటులో ఉందా చూడండి చాలు.

ఈఐఏ రిపోర్టు డ్రాఫ్ట్ చేతికి రాగానే నేరుగా 12వ అధ్యాయం తెరవండి. కన్సల్టెంట్ల వివరాలు అక్కడే ఇవ్వాలి. మీ ఎర్ర గీతల కాగితం పక్కన పెట్టుకుని పేరు పేరునా సరిచూడండి. కొత్త పేరు కనిపిస్తే ఆమోదం ఎప్పుడొచ్చిందో రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చేదాకా తర్వాతి వాయిదా డబ్బు ఆపేయండి. ప్రజాభిప్రాయ సేకరణకు కాలుష్య నియంత్రణ మండలికి డ్రాఫ్ట్ వెళ్లకముందే ఈ పని పూర్తి కావాలి.