ఇంట్లో జాకెట్టు కుట్టు – 4వ పాఠం: పేపర్ నుంచి గుడ్డ మీదికి

పోయిన పాఠంలో 36 ఛాతీ కొలతకి వెనక భాగం, ముందు భాగం, చెయ్యి పేపర్ మీద గీసి కత్తిరించుకున్నాం. ఇవాళ వాటిని ముందు లైనింగ్ మీదికి, ఆ తర్వాత పట్టు జాకెట్టు ముక్క మీదికి దింపుదాం. న్యూస్‌పేపర్ మీద గీసుకున్నవాళ్లు దాన్ని తెల్ల లైనింగ్ మీద పెట్టకండి, సిరా అంటుకుంటుంది. పది రూపాయల బ్రౌన్ పేపర్ మీద మళ్లీ గీసుకోవడమే మేలు.

కాటన్ లైనింగ్‌ని ముందు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేయండి. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకుకి లైనింగ్ ముడుచుకుపోతుంది, పట్టు అంతగా ముడుచుకోదు, జాకెట్టు లోపల్నుంచి పీక్కుపోతుంది. పట్టు ముక్కని మాత్రం నానబెట్టొద్దు. ఉల్టా వైపు తక్కువ వేడి మీద ఇస్త్రీ చాలు.

ఇప్పుడు గుడ్డని సరి చేయాలి. షాపులో కొలిచి కత్తిరించిన అంచు చాలాసార్లు వంకరగా ఉంటుంది. ఆ అంచు దగ్గర చిన్న గాటు పెట్టి ఒక అడ్డ పోగుని మెల్లగా లాగండి. గుడ్డ మీద సన్నటి గీత పడుతుంది, దాని వెంబడి కత్తిరించండి. తర్వాత పక్కన ఉండే గట్టి అంచులు రెండూ కలిసేలా, మంచి వైపు లోపలికి వచ్చేలా మడవండి. గట్టి అంచులు కలిసినా కోసిన అంచులు కలవకపోతే నేతే ఏటవాలుగా జారిందని అర్థం. ఇంట్లో ఇంకొకర్ని పిలిచి, పొట్టిగా ఉన్న మూలల్ని ఎదురెదురుగా ఐమూలగా లాగితే సర్దుకుంటుంది.

వెనక భాగం పేపర్ మధ్య గీతని సరిగ్గా మడత మీద పెట్టాలి. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. పేపర్ మడతకి పావు అంగుళం ఇవతల పడిందనుకోండి. గుడ్డ విప్పితే అది అర అంగుళం అవుతుంది. వీపు అర అంగుళం వదులు, మెడ అర అంగుళం వెడల్పు. వీపు వదులైతే పక్క కుట్టులో సర్దుకోవచ్చు. మెడ వెడల్పైతే మాత్రం భుజం జారుతుంది, దాన్ని బాగుచేయడం కష్టం. “భుజం నిలవట్లేదు” అనేవాళ్లలో చాలామంది కొలతని అనుమానిస్తారు గానీ మడతని చూసుకోరు.

ముందు భాగం మనది క్రాస్ కట్. అంటే పేపర్ మీద గీసిన నిలువు గీత గుడ్డ మీద ఐమూలగా పడాలి. స్కేలుతో కొలవక్కర్లేదు. గుడ్డ మూలని మడిచి, గట్టి అంచుని కోసిన అంచు మీదికి తెస్తే వచ్చే మడతే అసలైన క్రాస్. దాన్ని ఇస్త్రీతో నొక్కి, ఆ గీత మీద పేపర్ పెట్టండి. గుడ్డ అన్నిటికన్నా ఎక్కువ సాగేది ఈ దిశలోనే. ఛాతీ దగ్గర జాకెట్టు ఒంటికి అంటుకుని కూర్చోవడానికి కారణం అదే.

పేపర్ కదలకుండా గుండుసూదులు గుచ్చి, సుద్దతో చుట్టూ గీయండి. మార్జిన్, అంటే కుట్టు కోసం గీత బయట వదిలే గుడ్డ, మెడకి పావు అంగుళం, భుజానికీ చంకకీ అర అంగుళం, కింద ఒక అంగుళం, పక్కలకి ఒకటిన్నర. ఒళ్లు వస్తే విప్పుకోవాల్సింది పక్కలే కాబట్టి అక్కడ పిసినారితనం వద్దు. పట్టు మీద సూదులు మార్జిన్‌లోనే గుచ్చండి, లోపల గుచ్చితే చిల్లులు కనిపిస్తాయి.

కత్తెర కింది రెక్క బల్లని తాకుతూ జరగాలి. గుడ్డని పైకి లేపితే పై పొర ఒకలా, కింది పొర ఇంకోలా తెగుతుంది. ఎడమ చెయ్యి గుడ్డ మీద ఆనించి ఉంచండి. కత్తెర మొన పూర్తిగా మూయకుండా పొడుగ్గా కోస్తూ వెళ్లండి, లేకపోతే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. వంపు వచ్చినప్పుడు గుడ్డని తిప్పకండి, మీరే బల్ల చుట్టూ తిరగండి. నేల మీద కూర్చుని కోసేవాళ్లకి ఇది కాస్త ఇబ్బందే.

చేతులు రెండూ జోడు పొరల్లో కోస్తే కుడి, ఎడమ వాటంతటవే వస్తాయి. ఒంటి పొరలో కోయాల్సి వస్తే రెండోసారి పేపర్ తిరగేసి పెట్టండి. ముందు వైపు చంక లోతు ఎక్కువ కాబట్టి, తిరగేయకపోతే రెండూ ఒకే వైపు చేతులవుతాయి. ముందు వైపుకి చిన్న గాటు పెట్టుకోండి.

ఇక పట్టు ముక్క. కోసిన లైనింగ్ ముక్కల్నే దీని మీద పరిచి, చుట్టూ పావు అంగుళం ఎక్కువ వదిలి కోయాలి. రెండూ కలిపి కుట్టాక ఆ ఎక్కువని కత్తిరించేస్తాం. చీరతో వచ్చే ముక్క 80 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు 31న్నర అంగుళాలు. బోర్డర్ చేతుల కిందికి రావాలంటే చెయ్యి పొడవు గుడ్డకి అడ్డంగా పడుతుంది. ముక్క పొడవు నిలువు పోగు వెంబడే పడాలన్న నియమం ఇక్కడ తప్పుతుంది, అయినా ఫరవాలేదు, లోపల లైనింగ్ పట్టి ఉంచుతుంది. ఒక పక్క పెద్ద బోర్డర్, ఇంకో పక్క చిన్నది ఉంటే రెండు చేతులూ ఒకే బోర్డర్ మీద రావాలి. చెయ్యి ఒక్కోటి 15 అంగుళాల వెడల్పైతే 30 అక్కడే అయిపోతాయి. మిగిలినదాంట్లో క్రాస్ ముందు భాగం పట్టడం టెన్షనే. అందుకే కత్తెర ముట్టుకోకముందే అన్ని ముక్కలూ పరిచి చూడండి. పట్టకపోతే పట్టు వరకు ముందు భాగం నిలువుగా కోయక తప్పదు, కాకపోతే అంతగా సాగదు. బుటాలు ఉంటే తలకిందులు కాకుండా చూసుకోండి.

వచ్చే పాఠంలో డాట్లు, అంటే ఒంటి వంపుకి తగ్గట్టు గుడ్డని మడిచి వేసే కుట్లు, వేస్తాం. అప్పటిదాకా క్రాస్ ముక్కల్ని హ్యాంగర్‌కి తగిలించకుండా, పేపర్‌తో సహా పరిచి ఉంచండి. వేలాడితే సాగిపోతాయి.