హైదరాబాద్ బండల్ని నీటిరంగుల్లో వేయాలంటే

ఖాజాగూడ గుట్టల దగ్గరో, మౌలాలి వైపో కూర్చుని బండలు వేసేవాళ్లలో చాలామంది ముందుగా గుండ్రాలు గీస్తారు. బొమ్మ చెడేది అక్కడే. చివరికి కాగితం మీద ఆలుగడ్డల కుప్ప మిగులుతుంది.

ఈ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. అఖండంగా ఉన్న రాయిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. వాటిలోకి దిగిన నీరు నేల కిందే రాయిని మెత్తబరిచింది. రాయి పక్కకు ఒక దిక్కు నుంచే నీరు తగిలితే మూలకు మూడు దిక్కుల నుంచి తగులుతుంది, కాబట్టి ముందు అరిగినవి మూలలే. మెత్తబడ్డదంతా కొట్టుకుపోయాక ఈ గుండ్లు మిగిలాయి. అందుకని పెన్సిల్‌తో మొదట పెట్టెలు గీయండి. పగులు గీత ఒక బండలోంచి పక్క బండలోకి సాగుతోందేమో చూసుకోండి. మూలలు ఆ తర్వాతే అరగదీయండి. బండ మీద బండ ఆనే చోటు చాలా చిన్నది. బొమ్మ మొత్తంలో అతి ముదురు నీడ అక్కడే పడాలి.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాటన్ కాగితం, 11×15 అంగుళాలు చాలు. పొద్దెక్కాక నీడలు కురచబడి బండ చదునుగా కనిపిస్తుంది, కాబట్టి తెల్లవారాక మొదటి రెండు గంటల్లోనే పని కానివ్వాలి. నీడల హద్దులు పది నిమిషాల్లో గీసేయండి. ఎండ జరిగినా వాటిని మార్చొద్దు.

బూడిదరంగు కోసం నలుపు ట్యూబు జోలికి పోవద్దు, రాయి చచ్చిపోతుంది. రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వల్ల వచ్చే గులాబీ ఛాయకు లైట్ రెడ్ (ఇటుక ఎరుపు), కొద్దిగా ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) బాగా పలచన చేసి మొదటి వాష్, అంటే నీళ్లలాంటి రంగుపూత, వేయండి. అది ఆరాక బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపి నీడ వేయాలి, నీలం వాటా కాస్త ఎక్కువ. నీడ తడిగా ఉండగానే అడుగున ఓకర్ చుక్క వదిలితే నేల మీంచి ఎగసే వెలుగు వచ్చేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో వాష్ సగంలోనే ఆరిపోయి గట్టి అంచులు కడుతుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి ప్లాస్టిక్ పలక మీద పరిస్తే కాస్త గడువు దొరుకుతుంది. వానాకాలంలో తంటా వేరు: ఆరిందనుకుని రెండో వాష్ వేస్తే రంగు పువ్వులా విచ్చుకుంటుంది. వేళ్ల వెనక వైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

వాననీరు జారిన నల్లచారలు బండ వంపును బట్టి వంగాలి. నిటారుగా దించితే రాయి గోడైపోతుంది. సందుల్లోని సీతాఫలం పొదలు చివర్లో వేయండి, ట్యూబు ఆకుపచ్చలో బర్న్‌ట్ సియెన్నా తప్పక కలపండి.

వెనక గాజు భవనాలు కనిపిస్తే తీసేయాలనిపిస్తుంది. ఉంచడమే మేలు, బండ ఎంత పెద్దదో వాటివల్లే తెలుస్తుంది. కిటికీలు గీయకుండా పలచటి నీలిబూడిద వాష్ ఒక్కటి వేసి వదిలేయండి.